అమ్మకానికి లేని షాపులు: ఒంగోలు శివార్లలో మా కాంప్లెక్స్ పని డైరీ

ఫిబ్రవరి

షాపులు కట్టబోయే స్థలాన్ని ఇవాళ టేపు పట్టుకుని కొలిచాం. రోడ్డు వైపు 110 అడుగులు, లోపలికి 60. కాగితం మీదా అంతే ఉంది, పేచీ లేదు. లేఅవుట్ వేసినవాళ్లు రోడ్లు, కాలవలు సగంలో వదిలేసి పోయారు. ఏళ్ల తరబడి వెంటపడగా చివరికి ఆ బాకీ కింద ఈ కమర్షియల్ బిట్టును మా వెల్ఫేర్ అసోసియేషన్ పేర రిజిస్టర్ చేసిచ్చారు. అప్పట్నుంచీ ఇక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవలేదు.

పార్కు స్థలంలోనే కట్టొచ్చుగా, గేటుకు దగ్గర కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కుదరదు. లేఅవుట్‌లో ఖాళీ జాగా కింద వదిలిన 10 శాతం గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకి పోయింది. అక్కడ మొక్క నాటుకోవచ్చు గానీ షట్టరు పెట్టడానికి లేదు.

మా టౌన్‌షిప్‌లో 400 ప్లాట్లు, 260 ఇళ్లు. గేటు దగ్గర పొద్దున ఒక ఇడ్లీ బండి, సాయంత్రం రెండు కూరగాయల బండ్లు. మిగతా దేనికైనా కర్నూలు రోడ్డు పట్టుకుని ఊళ్లోకి పోవాల్సిందే. పిల్లాడికి జ్వరం సిరప్ కావాలన్నా అంతే. లెక్కలు, మినిట్స్ పుస్తకం నా నెత్తిన పడ్డాయి. అందుకే ఈ డైరీ.

మార్చి

అసోసియేషన్ పేరుమీదే కట్టేద్దాం, మళ్లీ ఇంకో సంఘం ఎందుకు? మీటింగులో సగం మంది ప్రశ్న ఇదే. మా అసోసియేషన్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. అందులో మిగులును సభ్యులు పంచుకోకూడదు. డబ్బు పెట్టమని అడిగి, లాభమొస్తే మీకేం రాదంటే జేబులో చెయ్యి ఎవరు పెడతారు? కంపెనీ పెడదామా అంటే, వాటాలు ఎక్కువున్నవాడి మాటే చెల్లుతుంది. తిరిగి తిరిగి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దగ్గరికి వచ్చాం. మాక్స్ అంటారు అందరూ. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం 10 మంది ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. ప్రభుత్వం వాటా ధనం ఇవ్వదు, కాబట్టి పెత్తనానికీ రాదు. ఎన్నికలు, ఆడిట్ మన పూచీ.

ఒకాయన నమూనా బైలా తెచ్చాడు, పేరు మార్చి ఇచ్చేస్తే చాలన్నాడు. చదివితే అది పాల సంఘానిది. నాలుగో పేజీలో గేదెల ఆరోగ్యం గురించి ఉంది. దాన్ని పక్కన పెట్టి మేమే రాసుకున్నాం. ముఖ్యమైనవి మూడే. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఒక ఇంటికి 25 వాటాలకు మించి లేదు, వాటా 10,000. మూడోది, ఇప్పుడు గానీ ఇకముందు గానీ ఏ షాపునూ అమ్మేది లేదు, అద్దెకు మాత్రమే.

మనిషికో ఓటు మా కొత్త ఆలోచనేం కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివాళ్లూ ఇతరులూ, తలా ఒక పౌను వేసుకుని పిండి, చక్కెర, వెన్న, కొవ్వొత్తులు అమ్మే కొట్టు పెట్టినప్పుడే ఆ పద్ధతి ఉంది. వాళ్ల దారిలోనే 1904లో మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ సొసైటీ పుట్టింది. మా ప్రెసిడెంటు గారు ఉద్యోగం చేసిన రోజుల్లో వెచ్చాలు అక్కడే తెచ్చుకునేవారట. "అప్పు ఇవ్వరు, తూకంలో మోసం ఉండదు, అంతే" అని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశారు.

స్థలం అసోసియేషన్ దగ్గరే ఉంటుంది. సంఘానికి 33 ఏళ్ల లీజు, రిజిస్టర్డ్. రేపు సంఘం దివాలా తీసినా నేల మాత్రం టౌన్‌షిప్‌దే.

ఏప్రిల్

ఉగాది తర్వాత మీటింగ్. వేసవి సెలవులు కాబట్టి హైదరాబాదు, బెంగళూరుల నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అమ్మకం మాట మళ్లీ లేచింది. ఈసారి గట్టిగానే.

వాదన వినడానికి బాగుంటుంది. "షాపు 15 లక్షలకు అమ్ముదాం. 10 షాపులంటే కోటిన్నర. మన చేతి డబ్బు పైసా పడకుండా బిల్డింగ్ లేస్తుంది, మిగిలింది బ్యాంకులో వేద్దాం." చప్పట్లు కూడా పడ్డాయి.

నేను మాట్లాడలేదు. మా వీధి చివరి మాస్టారు లేచి, ఊరికి అవతలి వైపున్న ఇంకో లేఅవుట్ సంగతి చెప్పారు. అక్కడ షాపులు అమ్మేశారు. కొన్నవాళ్లలో ఒక్కరూ అక్కడ కాపురం ఉండరు. రేటు పెరుగుతుందని తాళాలేసి కూర్చున్నారు. అద్దెకిచ్చిన రెండింటిలో ఒకటి టైర్ల గోడౌను, రెండోది చిట్‌ఫండు ఆఫీసు. పాల ప్యాకెట్టుకు ఆ లేఅవుట్ వాళ్లు ఇప్పటికీ బండి స్టార్టు చేయాల్సిందే. "కొన్నవాడికి షాపు ఒక స్థిరాస్తి. మనకు అది ఉప్పూ పప్పూ" అన్నారాయన.

నా లెక్కా అదే. కట్టడానికి డబ్బు ఒక్కసారే కావాలి, ఎలాగో పుడుతుంది. ఏ కొట్టు ఎవరికివ్వాలన్న హక్కు మాత్రం ఒకసారి చెయ్యి జారితే తిరిగి రాదు. అమ్మకూడదన్న నిబంధన అలాగే ఉంచాలని చేతులెత్తి తీర్మానించారు. కోపగించుకుని నలుగురు వాటాలు తీసుకోలేదు. ఒకాయన నెల తర్వాత తీసుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

నెలాఖరుకు 212 ఇళ్లు, 46 లక్షలు. దీంతో కింది అంతస్తు మాత్రమే. పునాది, పిల్లర్లు రెండంతస్తులకు సరిపడా వేస్తాం.

మే

ప్లాను ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థకు ఆన్‌లైన్‌లో పెట్టాం. కట్టబోయే విస్తీర్ణంలో పదో వంతు వాళ్ల పేర తాకట్టు రిజిస్టర్ చేయాలి, ప్లాను ప్రకారం కట్టామని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడిపిస్తారు. మాకు సరిగ్గా ఒక షాపు. కట్టకముందే తాకట్టేంటని సభ్యుల్లో గోల. సెట్‌బ్యాకులు, అంటే బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ, మింగకుండా ఉండటానికి అదే పగ్గమని నాకనిపిస్తుంది. మన చేతులు కూడా కట్టేయాల్సినవే.

నేల సంగతి వేరు. ఎండలకు నల్లరేగడి నోళ్లు తెరిచింది. ఒక పగుల్లో గెడకర్ర దించితే మోచెయ్యి లోతుకు పోయింది. వానాకాలం ఇదే మట్టి ఉబ్బి పైకి లేస్తుంది. చుట్టుపక్కల ఇళ్లలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు కనిపించేది ఇందుకే. మట్టి పరీక్ష రిపోర్టు చూసి ఇంజనీరు మామూలు పునాది వద్దు, అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున బుడ్డ ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు, వేద్దామన్నాడు. ఖర్చు పెరుగుతుంది. ఒప్పుకున్నాం.

జూన్

రోహిణి కార్తె ఎండలో పైల్స్ మొదలు. ఈ పని నేను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు, అందుకే వివరంగా రాస్తున్నా.

మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, మధ్యలో మట్టి తొలిచే అగర్ దించి, ఇద్దరు మనుషులు కొయ్య చుట్టూ తిరుగుతూ తిప్పుతారు. అడుగుకోసారి పైకి లాగితే రెక్కలకు నల్లమట్టి జిగురులా పట్టుకుని వస్తుంది. పారతో కొట్టినా ఊడదు, చేత్తో పెరకాలి. గుంత అడ్డం 30 సెంటీమీటర్లు, లోతు 12 అడుగులు. తేమ పెరిగి తగ్గే పొర దాటి కిందికి పోవాలని లెక్క. రేగడిలో మూడున్నర మీటర్లయినా ఉండాలంటుంది పైల్ పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2911. అంత లోతుకు పోయాక అగర్ తీసి రీమర్ దించుతారు. కింద నొక్కితే దాని బ్లేళ్లు గొడుగులా తెరుచుకుని అడుగున మట్టిని చుట్టూ గీకుతాయి. అలా గుంత అడుగున ఒక బుడ్డ తయారవుతుంది. దాని అడ్డం గుంతకు రెండున్నర రెట్లు, అంటే 75 సెంటీమీటర్లు. పైన మట్టి ఎంత ఉబ్బి లాగినా ఆ బుడ్డ పైలును పట్టి ఉంచుతుంది.

బుడ్డ నిజంగా అంత తెరుచుకుందో లేదో పైనుంచి కనపడదు. ముఠా మేస్త్రి రీమర్ రాడ్డు మీద సుద్దతో రెండు గీతలు గీశాడు. బ్లేళ్లు మూసి ఉన్నప్పుడు ఒకటి, పూర్తిగా తెరిస్తే రాడ్డు ఎంత కిందికి దిగాలో ఇంకొకటి. "ఈ రెండో గీత నేల మట్టానికి రాకపోతే కాంక్రీటు పోయనీయకండి సార్, నేను పొయ్యమన్నా సరే" అన్నాడు. తన మీద తనే కాపలా పెట్టిపోయిన మనిషిని చూడటం బాగుంది. దాదాపు ప్రతి గుంత దగ్గరా ఎవరో ఒక సభ్యుడు కూర్చుని ఆ గీత చూశాడు. రిటైరైనవాళ్లకు కాలక్షేపం కూడా దొరికింది.

తవ్విన గుంతను రాత్రికి వదలకూడదు, అంచులు కూలి బుడ్డ పూడిపోతుంది. ఎన్ని తవ్వితే అన్నీ సాయంత్రంలోగా నింపడమే.

జులై

ప్లింత్ బీములు. రోడ్డు మట్టం కన్నా ఎంత ఎత్తు వేయాలన్నది పెద్ద చర్చ కాలేదు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకు మా వీధిలో నీళ్లు నిలిచిన గీత పంపుహౌస్ గోడ మీద ఇంకా ఉంది. దానికి అడుగు పైన.

బీము కింద మట్టి ఆనకుండా మూడు అంగుళాల పైచిలుకు ఖాళీ వదిలారు. రేగడి ఉబ్బినా బీమును పైకి తన్నకూడదట. ఆ ఖాళీలో చెత్త, ఇటుక ముక్కలు పడకుండా చూడటమే కష్టం. బేల్దారి కూలీలు చేతిలో ఏది మిగిలితే అది అందులోకి తోసేస్తారు.

నీళ్లు. మా బోరు ఉప్పు. బట్టలు ఉతికితే సబ్బు నురగ రాదు. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుప చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. టెస్టుకు ఇస్తే మా బోరు దానికి రెట్టింపు పైనే. కాబట్టి కలపడానికీ, తడపడానికీ ట్యాంకరే. మేస్త్రి మొదట "ఒంగోల్లో సగం ఇళ్లు ఈ నీళ్లతోనే లేచినయ్" అన్నాడు. లేచాయి, ఒప్పుకుంటాను. పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ సన్‌షేడ్లు కూడా ఆ ఇళ్లవే.

ఆగస్టు

స్లాబు పడింది. కొబ్బరికాయ, సాయంత్రం అందరికీ మాంసం భోజనం. మళ్లు కట్టి నీళ్లు నిలిపాం. పైఅంతస్తు కోసం వదిలిన చువ్వలకు పల్చటి సిమెంటు పూసి, చుట్టూ సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు దిమ్మెలు కట్టించాం. కొత్తపట్నం సముద్రపు గాలి ఇక్కడిదాకా వస్తుంది, ఉట్టి చువ్వలు రెండేళ్లలో పొట్టు రాలతాయి.

సెప్టెంబరు

ఎవరికి ఏ షాపు? అసలు పని ఇప్పుడు మొదలైంది.

10 గదులు, ఒక్కోటి 10 అడుగులు ముందు, 18 లోపలికి. మామూలుగా అయితే వేలంపాట పెట్టి, గుడ్‌విల్ ఎక్కువ ఎవడు పాడితే వాడికి ఇస్తారు. మేం మొదట జాబితా రాసుకున్నాం: పాలు, కిరాణా, మందులు, టిఫిన్, దర్జీ, సెలూన్, ఎలక్ట్రికల్ సామాను, ఇస్త్రీ. ఆ రకానికి వచ్చినవాళ్ల మధ్య మాత్రమే పోటీ. అద్దె అందరికీ ఒకటే, నెలకు 6,000. మూల మీది గదికి కొంచెం ఎక్కువ. ఒప్పందం 11 నెలల స్టాంపు కాగితం కాదు, మూడేళ్లు, రిజిస్టర్డ్. కొట్టు సర్దుకుని గిరాకీ పట్టుకోవడానికే ఏడాది పడుతుంది, ఆ తర్వాత లేపేస్తే వాళ్లకూ నష్టం మనకూ నష్టం.

అప్పుడొచ్చాడు కారులో ఒకాయన. 2024 అక్టోబరు నుంచి మద్యం షాపులు మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాయి గదా, ఆయనకు లైసెన్సు ఉంది, షాపును ఇటు మార్చుకుంటాడట. మూల మీది రెండు గదులకు కలిపి నెలకు 40,000, ఏడాది అద్దె ముందుగానే. 25 వాటాలున్న ఇద్దరు సభ్యులు ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చారు. ఆ డబ్బుతో రెండేళ్లలో పైఅంతస్తు లేస్తుందని లెక్క వేసి చూపించారు. లెక్కలో తప్పు లేదు, నేనే రెండుసార్లు చూశాను.

జనరల్ బాడీ. ఆడవాళ్లు ఇంతమంది వచ్చిన మీటింగు ఇదే మొదలు. నెల్లూరు జిల్లా కలిగిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పెద్దావిడ లేచింది. "దూబగుంట మా పుట్టింటికి దగ్గర. ఆ ఊరి ఆడోళ్లు సారా కొట్టు కాడ నిలబడబట్టే కదా, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. వాళ్లకు సొంత కొట్టు కూడా లేదు. మనకుంది" అని కూర్చుంది. చీటీలు వేశారు. మద్యం షాపుకు అనుకూలంగా 11. వాటాల లెక్కన ఓట్లు వేసి ఉంటే ఫలితం ఇంత తేలిగ్గా వచ్చేది కాదు. మార్చిలో బైలా రాసేటప్పుడు మనిషికి ఒకటే ఓటన్న వాక్యం దగ్గర రెండు గంటలు కొట్టుకున్నాం, దాని ధర ఇవాళ వసూలైంది.

ఇడ్లీ బండి వదినకు టిఫిన్ షాపు ఇవ్వాలని అందరికీ ఉంది. ఆమెకే లేదు. ఆరు నెలల అడ్వాన్సు ఎక్కడ తెస్తుంది? "అన్నా, బండికైతే అద్దె లేదు, వానొస్తే పట్టా కప్పుకుంటా. రూముకైతే నెల తిరగ్గానే ఆరు వేలు. వానొచ్చినా అంతే కదా" అంది. అందుకని ఒక గదిని నిలువునా రెండు చేశాం, ఐదేసి అడుగులు. ఒకటి ఆమెకు, రెండోది దర్జీకి. అద్దె సగం, అడ్వాన్సు రెండు నెలలదే. డ్వాక్రా గ్రూపు లోను నుంచి కట్టింది. ఆహార లైసెన్సు కాగితాలు మా కుర్రాళ్లు ఫోనులో నింపిపెట్టారు.

మందుల షాపు వాళ్లూ సగం గదే అడిగారు. కుదరదు. రిటైలు మందుల లైసెన్సుకు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. సగం గది ఎనిమిదిన్నర కూడా రాదు. పూర్తి గది అయితే 16 పైన.

కూరగాయల బండ్లవాళ్లు గదులే వద్దన్నారు. బండి రోడ్డు మీద ఉంటేనే గిరాకీ అంట. వాళ్లకు ముందు వైపు మోకాలెత్తు అరుగు, పైన రేకులు, రోజుకు 20 రూపాయలు.

అక్టోబరు

ముసురు. రంగుల పని ఆగింది. పైల్స్ దగ్గర నేల మెత్తబడి ఉబ్బింది గానీ బీముల మీద వెంట్రుకంత గీత లేదు. గోడలన్నీ తిరిగి చూసొచ్చాను, టార్చి వేసి మరీ.

మెట్లకు, కౌంటర్లకు బంగారు చుక్కలు మెరిసే చీమకుర్తి నల్లరాయి, బ్లాక్ గెలాక్సీ. 20 కిలోమీటర్ల దూరంలో ప్రపంచమంతా కొనుక్కునే రాయి పెట్టుకుని ఎక్కడెక్కడి టైల్సో తేవడం నాకు నచ్చదు. పాలిషింగ్ యూనిట్లలో పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు చవగ్గా ఇస్తారు. కౌంటర్లకు అవి చాలు. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. మెట్లకు మాత్రం పాలిష్ వద్దని మంటతో గరుకు చేసినవి తెచ్చాం. వానలో పాలిష్ మెట్టు మీద జారితే నడుం విరుగుతుంది.

నవంబరు

ఆడిటరు గారి దగ్గర ఒక పూట. కిరాణా స్టోరు సంఘమే నడపాలని మొదటి నుంచీ మా ఉద్దేశం. ఆయన కాగితం మీద గీసి చూపించారు. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు మన రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఏడాదికి 40 లక్షలు. కానీ షాపులు అద్దెకివ్వడం సేవ కిందికి వస్తుంది కాబట్టి మనకు అది వర్తించదు, 20 లక్షలే. నెలకు రెండు లక్షల సరుకు అమ్మితే ఏడాదిలోపే దాటేస్తాం. దాటితే రిజిస్ట్రేషన్, ఆపైన అన్ని అద్దెల మీదా 18 శాతం. మందుల షాపతను దాన్ని తన పన్నులో సర్దుకోగలడు. దర్జీ, ఇడ్లీ వదిన ఎందులో సర్దుకుంటారు?

అందుకని స్టోరును సంఘం నడపదు. టౌన్‌షిప్ మహిళలు 15 మంది విడిగా ఇంకో మాక్స్ సంఘం పెట్టి, మాకు అద్దె కట్టి నడుపుతారు. వాళ్లు జీఎస్టీలో చేరితే మా అద్దె మీది 18 శాతం 2024 అక్టోబరు 10 నుంచి వచ్చిన రివర్స్ చార్జి నిబంధన ప్రకారం వాళ్లే కట్టి, వాళ్ల అమ్మకాల పన్నులో తగ్గించుకుంటారు. మా అద్దె రాబడి ఏడాదికి ఏడు లక్షల చిల్లర, 20కి దూరం. ప్రెసిడెంటు గారికి ఇది అంతగా రుచించలేదు, ట్రిప్లికేన్‌లో అంతా ఒకే సంఘమట. నాకైతే ఇదే మేలనిపిస్తోంది: కొట్టు నడపడం వేరు, కాంప్లెక్స్ నడపడం వేరు. స్టోరులో పప్పు పురుగు పడితే ఇంటి యజమానిగా నిలదీయొచ్చు.

కరెంటు మీటర్లు గదికొకటి, కమర్షియల్ కేటగిరీ. ప్యానెల్ బోర్డు మెట్ల కింద పెడదామంటే లైన్‌మన్ ఒప్పుకోలేదు, నీళ్లు కారతాయని. పక్క గోడకు మార్చాం.

డిసెంబరు

షట్టర్లు బిగించారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాం, అది వస్తే తాకట్టు గది విడుదలవుతుంది. ఆ గదినే ఇస్త్రీ, సెలూన్ వాళ్లకు సగం సగం ఇస్తామని మాటిచ్చి ఉన్నాం, వాళ్లు వారానికోసారి అడుగుతున్నారు.

మందుల షాపుకు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు దొరకడం లేదు. సర్టిఫికెట్టు గోడకు తగిలించి మనిషి ఇంకెక్కడో ఉండే పద్ధతి మాకొద్దని అద్దె ఒప్పందంలోనే రాశాం. దాంతో ఇద్దరు వెనక్కి పోయారు. మా వీధిలోనే ఒకమ్మాయి బీ ఫార్మసీ ఆఖరి ఏడాది చదువుతోంది. వేసవిదాకా గది ఖాళీగా ఉంచితే ఎంత పోతుందో లెక్క వేసి వచ్చే మీటింగుకు పెట్టమన్నారు. వేశాను: ఆరు నెలల అద్దె, 36,000. ఉంచాలా, ఎలక్ట్రికల్ సామాను ఇంకొకాయన అడుగుతున్నాడు, ఆయనకిచ్చేయాలా అన్నది 21వ తేదీ ఆదివారం ఓటుకు వస్తుంది.

వెనక వైపు కాలవ ఇంకా తవ్వాలి. ట్యాంకరు వాడికి రెండు బిల్లులు బాకీ.